ప్రొఫెసరైన గురువు గారికి సన్మానపత్రం ఎలా రాయాలి

మీరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. కాకినాడలో మీకు జనరల్ మెడిసిన్ నేర్పిన గురువు గారికి అసోసియేట్ ప్రొఫెసరు నుంచి ప్రొఫెసరుగా పదోన్నతి వచ్చింది. మీరు, మీతో పాటు ఎండీ చదివిన పీజీలు, ఆమె యూనిట్‌లో హౌస్ సర్జన్లుగా పనిచేసినవారు కలిసి గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఉన్న ఆమె సొంత ఊరిలో అభినందన సభ పెట్టదలచుకున్నారు. సన్మానపత్రం చిత్తుప్రతి పంపి, ఇందులో ఇంకా ఏం చేర్చాలని అడిగారు. దానితో పాటు, "అమ్మాయి డాక్టరై ఇరవై ఏళ్ళు దాటింది కదా, ఇప్పుడు కొత్తగా ఏమయింది?" అని ఊరి పెద్దలు అడుగుతుంటే సరైన జవాబు తోచడం లేదని రాశారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా వైద్య కళాశాలల్లో పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇలాంటి పత్రాలు చాలా రాశాను, నా గురించి రాసినవీ కొన్ని విన్నాను. అందుచేత కొంచెం వివరంగానే చెబుతాను.

మీ చిత్తుప్రతిలో నలభై పంక్తులు ఉన్నాయి. డిగ్రీలు, అవి వచ్చిన సంవత్సరాలు, బంగారు పతకం, పరిశోధన పత్రాల సంఖ్య, వెళ్ళిన సదస్సులు, చేసిన పదవులు వరుసగా వచ్చాయి. చిట్టచివర, ఎవరో గుర్తు చేస్తే చేర్చినట్టుగా, ఒక్క వాక్యం ఉంది: పాము కాటు రోగి రక్తాన్ని గాజు గొట్టంలో పోయించి, ఇరవై నిమిషాల పాటు మిమ్మల్ని దాని ముందు కూర్చోబెట్టిన రాత్రిని మరచిపోలేమని. ఆ వాక్యాన్ని పత్రం మొదటికి తీసుకురండి. ఒక్క వాక్యంగా వదిలేయకుండా పూర్తిగా చెప్పండి. మిగిలిన ముప్పై తొమ్మిది పంక్తులను ఐదారు పంక్తులకు కుదించండి. మీరు చేర్చడం గురించి అడిగారు గాని, నేను చెప్పవలసింది ముఖ్యంగా తీసివేయడం గురించే.

ఎందుకంటే, డిగ్రీల జాబితా ఆమె చదువుకున్నదని చెబుతుంది గాని, చదువు చెప్పిందని చెప్పదు. పదోన్నతి వచ్చింది అధ్యాపకురాలికి. ఆ జాబితాలో పేరు మార్చి మరొకరి పేరు పెడితే ఆ పత్రం అలాగే సరిపోతుంది. గాజు గొట్టం ముందు గడిపిన ఆ రాత్రి మాత్రం మరెవరికీ సరిపోదు. నాకు ప్రొఫెసరు పదవి వచ్చినప్పుడు జరిగిన సభలో రెండు గంటల సేపు నా అర్హతలన్నీ చదివారు. చదివినవారి ప్రేమలో లోపం లేదు. అయినా ఆ రోజు విన్న వాటిలో నాకు ఇప్పటికీ గుర్తున్నది, వెనక వరసలో కూర్చున్న పాత విద్యార్థి ఒకరు లేచి, స్టెతస్కోపు పెట్టే ముందు దాన్ని అరచేతిలో రుద్ది వెచ్చబరచడం మీ దగ్గరే నేర్చుకున్నానండి అని చెప్పిన ఒక్క మాట.

ముందుగా ఊరి పెద్దల ప్రశ్న సంగతి చూద్దాం, అది న్యాయమైన ప్రశ్న. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ. తరువాత మూడేళ్ళ ఎండీ. అక్కడితో డాక్టరు చదువు పూర్తవుతుంది, అధ్యాపక జీవితం అక్కడ మొదలవుతుంది. ఏడాది సీనియర్ రెసిడెంటుగా చేసినవారికి అసిస్టెంట్ ప్రొఫెసరు పదవికి అర్హత వస్తుంది. 2022 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ఆ పదవిలో నాలుగేళ్ళు పనిచేసి, రెండు పరిశోధన పత్రాలు ప్రచురించి ఉంటే అసోసియేట్ ప్రొఫెసరు కావచ్చు. అక్కడ మరో మూడేళ్ళు చేసి, పత్రాలు మొత్తం నాలుగైతే ప్రొఫెసరు పదవికి అర్హత వస్తుంది. ఇవి కాక పాఠం ఎలా చెప్పాలి, పరిశోధన ఎలా చేయాలి అన్న విషయాల మీద నిర్ణీతమైన శిక్షణలు పూర్తి చేయాలి. కాగితం మీద ఇది ఏడేళ్ళ ప్రయాణం. సర్కారు కొలువులో ఖాళీ ఏర్పడాలి, సీనియారిటీ జాబితా ఖరారు కావాలి, పదోన్నతుల కమిటీ కూర్చోవాలి, ఉత్తర్వు రావాలి. కాబట్టి ఏడేళ్ళలో ముగిసేవారు తక్కువ. పదోన్నతితో పాటే బదిలీ కూడా వచ్చి, పిల్లల చదువులు ఒక ఊళ్ళో, ఉద్యోగం ఒక ఊళ్ళో అయినవారిని ఎందరినో చూశాను.

ఇదంతా సభలో చెప్పనక్కరలేదు. పెద్దలకు ఒక్క పోలిక చాలు. మన డెల్టాలో నారుమడి అంటే తెలియనివారు లేరు. ప్రాక్టీసు చేసే డాక్టరు తన చేను తాను పండిస్తాడు. వైద్యం నేర్పే డాక్టరు నారు పోస్తుంది, ఆ నారు వెళ్ళి ఊరూరా చేలల్లో నాటుకుంటుంది. ప్రొఫెసరు అయిందంటే ఇకపై ఆ నారుమడి బాధ్యత ఆమెదని అర్థం. యూనిట్‌కు పెద్ద ఆమె. ఏ పీజీ ఏ అంశం మీద థీసిస్ రాయాలో, ఆ రాసినది నిలుస్తుందో లేదో చూడవలసింది ఆమె. ఇతర కళాశాలలకు పరీక్షాధికారిగా వెళ్ళి, ఎదుట నిలబడ్డ కుర్రవాడి చేతికి రోగుల ప్రాణాలు అప్పగించవచ్చా లేదా అని నిర్ణయించవలసింది కూడా ఆమే. ఒక విభాగంలో థీసిస్ రాయించే గైడులు ఎందరు ఉంటే దానిని బట్టి పీజీ సీట్లు ఉంటాయి కనుక, ఒక అర్హురాలైన ప్రొఫెసరు పెరగడమంటే రేపటి స్పెషలిస్టులు పెరగడం. 2023లో రాజమహేంద్రవరంలోనూ ఏలూరులోనూ నూట యాభై సీట్ల చొప్పున కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. భవనాలు రెండు మూడేళ్ళలో కట్టవచ్చు. ఒక ప్రొఫెసరు తయారు కావడానికి ఎంత కాలం పడుతుందో పైన చెప్పాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ రాత్రి గురించి మీరు విడిగా రాసిన నాలుగు మాటలను బట్టి నాకు అర్థమైనంతలో చెబుతాను, తప్పులుంటే మీరు సరిదిద్దుకోండి. వరి కోతల కాలం. ముమ్మిడివరం వైపు నుంచి ఒక కూలీని రాత్రి పదకొండింటికి పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి తెచ్చారు. మడమ దగ్గర కాటు, కొద్దిగా వాపు. వెంట వచ్చినవాళ్ళు అది విషం లేని పామేనని గట్టిగా చెప్పారు. మనిషి స్పృహలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. మీరు రక్తం తీసి ల్యాబుకు పంపించి, రిపోర్టు వచ్చాక చూద్దామనుకున్నారు. అప్పుడు ఆమె వచ్చి, కొత్త గాజు గొట్టం ఒకటి తెమ్మన్నారు. రెండు మిల్లీలీటర్ల రక్తం అందులో పోయించి, బల్ల మీద నిలబెట్టి, గడియారం చూసుకోమన్నారు.

ఆ పరీక్ష డాక్టర్లకు తెలిసినదే గాని, సభకు వచ్చే రైతులకు కూడా అర్థమయ్యేలా రాయండి, అర్థమవుతుంది. రక్తపింజరి విషం ఒంట్లోని రక్తం గడ్డకట్టే పదార్థాలను ఖర్చు చేసేస్తుంది. అందువల్ల గొట్టంలో పోసిన రక్తం ఇరవై నిమిషాలైనా గడ్డకట్టదు, వంచితే నీళ్ళలా జారుతుంది. అలా జారిందంటే, పామును ఎవరూ చూడకపోయినా, విషం ఎక్కిందనీ విషానికి విరుగుడు వెంటనే మొదలుపెట్టాలనీ తెలిసిపోతుంది. దీనికి యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, ల్యాబు అక్కరలేదు. కావలసినవి ఒక గాజు గొట్టం, ఒక గడియారం, ఓపిక. ఈ మూడింటిలో మూడవదే కరవవుతుందని ఆమెకు తెలుసు. పదో నిమిషంలో మీలో ఒకరు గొట్టం వంచి చూడబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టారని రాశారు. మధ్యలో కదిలిస్తే ఫలితాన్ని నమ్మడానికి వీలుండదు కనుక అది ఊరికే క్రమశిక్షణ కోసం చేసిన పని కాదు.

మిగిలిన నిమిషాలను ఆమె వృథా పోనివ్వలేదు. గాజు గొట్టమే ఎందుకు, ప్లాస్టిక్ది ఎందుకు పనికిరాదు అని అడిగారు. గాజు తగిలితేనే గడ్డకట్టే క్రియ సరిగా మొదలవుతుందన్న జవాబు మీ నోటనే రప్పించారు. సబ్బుతో కడిగిన పాత గొట్టం ఎందుకు వాడకూడదని అడిగారు. సబ్బు మరకలుంటే మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, అప్పుడు విషం లేనివాడికి విరుగుడు ఎక్కిస్తాం. కట్లపాము అయితే ఈ పరీక్ష ఏం చెబుతుందని అడిగారు. ఏమీ చెప్పదు. ఆ విషం రక్తం మీద కాక నరాల మీద పనిచేస్తుంది, కాటు దగ్గర వాపు కూడా ఉండకపోవచ్చు, కాబట్టి రెప్పలు వాలుతున్నాయేమో చూడాలి. ఇరవయ్యో నిమిషాన గొట్టం వంచితే రక్తం అంచు దాకా జారింది. విరుగుడు మొదలుపెట్టే ముందు ఎడ్రినలిన్ సిరంజిలో తీసి చేతికి అందేలా పెట్టించారు. ఎందుకంటే విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారయ్యేది, కొందరికి పడదు, పడనప్పుడు వెంటనే ఇవ్వవలసింది ఎడ్రినలిన్. ఆ తరువాత మూత్రం ఎంత వస్తున్నదో గంట గంటకూ ఎవరు రాయాలో పేర్లు చెప్పి మరీ వెళ్ళారు.

ఈ ఇరవై నిమిషాలలో ఒక వైద్య అధ్యాపకురాలి పని మొత్తం ఉంది. ఒక మనిషి బతికాడు. ముగ్గురు కుర్రవాళ్ళు నేర్చుకున్నారు. ఆ ముగ్గురిలో ఒకరు ఇప్పుడు లంక గ్రామాలకు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నారనీ, ఆ కేంద్రం బీరువాలో కొత్త గాజు గొట్టాలు ఎప్పుడూ ఉంటాయనీ మీరే రాశారు. ఆమె ఎన్నడూ చూడని ఊళ్ళో, ఆమె పేరు తెలియని కూలీకి, ఆమె నేర్పిన పరీక్ష చేరింది. ఊరి పెద్దల ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు తోచడం లేదు.

మా రోజుల్లోని ఒక సంగతి చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను విరుచుకుపడ్డప్పుడు నేను అసిస్టెంట్ ప్రొఫెసరుగా ఉన్నాను. కొబ్బరి చెట్లు కూలి, ఇళ్ళు పడి దెబ్బలు తగిలినవాళ్ళు ముందు వచ్చారు. తరువాతి రోజుల్లో నూతుల్లో నీరు చెడిపోయి వాంతులు, విరేచనాలతో పిల్లలు వచ్చారు. మంచాలు చాలక వరండాలో చాపల మీద పడుకోబెట్టాము. అటువంటి రద్దీలో కూడా మా యూనిట్‌కు పెద్ద అయిన చీఫ్ గారు ప్రతి పిల్లవాడి దగ్గరా హౌస్ సర్జను చేత పొట్ట మీద చర్మం పట్టి వదిలించి, అది ఎంత మెల్లగా వెనక్కి వెళ్ళిందో చెప్పించేవారు. నోటి ద్వారా ద్రావణం చాలా, సెలైన్ ఎక్కించాలా అని వాళ్ళనే తేల్చమనేవారు. తేల్చాక తాను చూసి అవుననో కాదనో అనేవారు. అంత పనిలో పాఠం ఎందుకు సార్ అని నేను అడిగాను. ఇప్పుడు నేర్వకపోతే వీళ్ళు మరి ఎప్పుడు నేర్చుకుంటారు అన్నారు. ఆయన ఎన్ని పత్రాలు ప్రచురించారో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అలాగని పరిశోధన పత్రాలు, పదవి చిన్నవని నేను అనడం లేదు. పదవి విలువ తెలియాలంటే అది దక్కనివారిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స గదికి వెళ్ళారు. అది ఆచార్యుడికి గిట్టలేదు, చివరికి పూర్తి డిగ్రీకి బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ స్థాయి పట్టాతో బయటికి వచ్చారు. హార్వర్డుకు వెళ్ళి, సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను వెలికితీశారు. అయినా అక్కడ శాశ్వతమైన అధ్యాపక పదవి ఆయనకు దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలకు వెళ్ళిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందాల నుంచి వచ్చిన మందుల్లో ఒకటి హెట్రజాన్. గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి పంచిన మాత్రల్లో ఉన్నది ఆ మందే. కాలువల మురుగునీటి దోమ మన కాళ్ళకు తెచ్చిన జబ్బుకు మందు, భీమవరంలో పుట్టినవాడి చేతి మీదుగా వచ్చింది. ఆయనకు ఏ కళాశాలా ప్రొఫెసరు అని సన్మానపత్రం ఇవ్వలేదు. అర్హత ఉన్నవారికి అర్హమైన పదవి సకాలంలో అందడం ఎంత అరుదో తెలిసినప్పుడు, మీ గురువు గారికి అందినందుకు ఊరంతా కూడి సంతోషించడం ఏ మాత్రం అతి కాదు.

దీన్ని బట్టి తేదీ విషయంలో ఒక సూచన. సుబ్బారావు గారి పుట్టినరోజు జనవరి 12. అది భోగికి ముందే వస్తుంది, అప్పటికే హైదరాబాదు నుంచీ బయటి దేశాల నుంచీ కోనసీమకు జనం చేరడం మొదలవుతుంది, మీ పాత విద్యార్థులు ఎక్కువమంది దొరుకుతారు. కనుమ నాడు మాత్రం పెట్టకండి. ప్రభల తీర్థానికి పోయే జనాన్ని ఏ సభా ఆపలేదు, ఆపకూడదు కూడా.

పత్రం మొదటి పేరా ఇలా ఉంటే బాగుంటుందని నాకు అనిపిస్తున్నది: "అమ్మా, ఒక రాత్రి మీరు మా చేతికి గడియారం ఇచ్చి, గాజు గొట్టం ముందు కూర్చోబెట్టారు. రోగి ప్రాణం కోసం ఆత్రపడుతున్న మాకు ఇరవై నిమిషాలు ఆగడం నేర్పారు. ఆగినంత సేపూ ఎందుకు ఆగుతున్నామో ఆలోచించడం నేర్పారు. నాడు మేము ముగ్గురం. నేడు ఆ పరీక్షను ఈ డెల్టాలో మేము పనిచేసే ప్రతి చోటా చేస్తున్నాము. మీరు ప్రొఫెసరైన శుభవేళ, మీ పాఠం ఎంత దూరం వెళ్ళిందో మీకు చెప్పుకోవడానికి వచ్చాము." తరువాతి పేరాలో చదువు, పదవులు, పరిశోధన క్లుప్తంగా రాయండి. పతకాలు ఒక వాక్యం. పరిశోధన పత్రాల సంఖ్య చెప్పే బదులు, వాటిలో ఒకటి దేని గురించో మామూలు తెలుగులో రెండు వాక్యాలు రాయండి. విశేషణాలు తగ్గించండి. మీ ప్రతిలో "వైద్య శిఖామణి", "అపర ధన్వంతరి" అని రెండు చోట్ల ఉంది. ఆమె వినలేక తల వంచుకుంటారు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఆ కూలీ పేరు గాని, ఊరు గాని పత్రంలో రాయవద్దు. అతను సభకు రావాలనుకుంటే సంతోషం, కానీ మీరు వెళ్ళి అడిగేటప్పుడు అతను కాదనడానికి సులువుగా ఉండేలా అడగండి. డాక్టర్లు వచ్చి పిలిస్తే కాదనలేనివాడిని వేదిక ఎక్కించడం మర్యాద కాదు. రెండవది, ఆహ్వానితుల జాబితాలో డాక్టర్లే ఉన్నారు. ఆ వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసిన స్టాఫ్ నర్సును, ఆయమ్మను, క్యాజువాల్టీ అటెండరును పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆ రాత్రి కొత్త గాజు గొట్టం ఎక్కడుందో వెతికి తెచ్చినది ఎవరో ఒకరు ఉంటారు కదా.

ఉపన్యాసాలకు ముగ్గురు చాలు, తలా ఐదు నిమిషాలు. ఒకరు ఆమె దగ్గర చదివినవారు, ఒకరు ఆమెతో పనిచేసినవారు, ఒకరు ఆమె కుటుంబం నుంచి. ఆమె తండ్రి గారు మాట్లాడలేనని అన్నారని రాశారు, బలవంతపెట్టకండి. శాలువా ఆయన చేత కప్పించండి. ఆమె జవాబు చెప్పడానికి మాత్రం సమయం పరిమితి పెట్టవద్దు. పత్రాన్ని ఊరికి దగ్గరగా ఉన్న, గొంతు బాగున్న తెలుగు మాస్టారు ఎవరైనా చదివితే మంచిది. వచ్చినవారికి ఆత్రేయపురం పూతరేకులు పెట్టాలన్న మీ ఆలోచన బాగుంది, అయితే ముందు రోజే చెప్పి ఉంచండి, పండగ రోజుల్లో అప్పటికప్పుడు దొరకవు.

అచ్చుకు ఇచ్చే ముందు పదవి పేరు, విభాగం పేరు, కళాశాల పేరు ఉత్తర్వులో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంటిపేరు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా వేయించండి, ఆ ఊళ్ళో ఆమెను ఆ పేరుతోనే ఎరుగుదురు. మార్చిన ప్రతి నాకు పంపితే ఒకసారి చదివి ఇస్తాను.